కాలువ తవ్విన వాళ్ల కథ ఎవరు రాశారు?

చారిత్రక నవల అనగానే తెలుగువాళ్లకు కోటలు, గుర్రాలు, పట్టాభిషేకాలు గుర్తొస్తాయి. అడివి బాపిరాజు గారి ‘గోన గన్నారెడ్డి’, ‘హిమబిందు’, నోరి నరసింహశాస్త్రి గారి ‘రుద్రమదేవి’, ‘మల్లారెడ్డి’ చదివి పెరిగిన తరాలు మనవి. మా గుమ్మిడిపూండి వైపు తెలుగువాళ్లకు వీళ్లతో పాటు కల్కి కూడా ఉన్నాడు. ‘పొన్నియిన్ సెల్వన్’ తమిళంలో చదివినవాళ్లు, 2022లో అది సినిమాగా వచ్చాక పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లి చూసినవాళ్లు మా సంఘంలోనే ఉన్నారు. ఆ పుస్తకాలను తక్కువ చెయ్యడం మా ఉద్దేశం కాదు. అయితే వాటిలో మన తాతలు ఎక్కడున్నారని వెతికితే పల్లకీ మోసినవాడుగానో, దండోరా వేసినవాడుగానో ఒక్క వాక్యంలో కనబడి మాయమవుతారు. రాజుకు శాసనం ఉంది, తామ్రపత్రం ఉంది, ఆస్థాన కవి ఉన్నాడు. మాలపల్లెలో, మాదిగవాడలో పుట్టి చనిపోయిన మనిషికి ఏముంది?

రాతలో ఎక్కని ప్రజల చరిత్రను నవలగా రాయాలంటే రచయిత ఏ తలుపు తట్టాలి? ఈ మధ్య కాలంలో ఈ పని గట్టిగా చేసి చూపించినవాళ్లలో కొరియా రచయితలున్నారు. 2024లో నోబెల్ బహుమతి అందుకున్న హాన్ కాంగ్ రాసింది రాజుల గురించి కాదు. 1980లో గ్వాంగ్జు పట్టణంలో సైన్యం చంపిన మామూలు జనం గురించి, 1948లో మొదలైన జెజు దీవి హత్యాకాండ గురించి రాశారు. మన యవ్వనస్థులకు కొరియా అంటే ఫోనులో చూసే సీరియళ్లు, పాటలు. అదేమీ తప్పు కాదు. ఆ దేశపు పుస్తకాల దాకా కూడా వెళ్లాలని మాత్రం మా కోరిక. ఎందుకంటే అక్కడ మన కథ లాంటి కథలున్నాయి, వాటిలో పాస్టర్లు కూడా ఉన్నారు.

మిన్ జిన్ లీ సంగతి చూడండి. ఆమె సియోల్‌లో పుట్టి, ఏడేళ్ల వయసులో తల్లిదండ్రులతో అమెరికా వెళ్లారు. తల్లి వైపు తాతగారు ప్రెస్బిటేరియన్ పాస్టరు. 1989లో కాలేజీలో చదువుతుండగా, జపానులో పనిచేసిన ఒక అమెరికా మిషనరీ ప్రసంగం విన్నారు. జపానులోనే పుట్టి పెరిగిన పదమూడేళ్ల కొరియా కుర్రవాడిని తోటి పిల్లలు నువ్వు ఈ దేశం వాడివి కాదు పో అని వేధిస్తే, వాడు మేడ మీదనుంచి దూకి చనిపోయాడని ఆయన చెప్పాడు. ఆ మాట ఆమెను వదల్లేదు. నవల ‘పచింకో’ పేరుతో అచ్చయ్యేసరికి 2017 వచ్చింది. మధ్యలో ఒక నవల మొత్తం రాసి పక్కన పడేశారు. 2007లో భర్త ఉద్యోగం వల్ల టోక్యోకు వెళ్లాక అక్కడి కొరియా కుటుంబాల మధ్య కూర్చుని వాళ్ల మాటలు వినడం మొదలుపెట్టారు. అంతకుముందు చరిత్ర పుస్తకాలు చదివి తాను ఊహించుకున్న మనుషులు వేరు, తన ఎదుట కూర్చుని మాట్లాడుతున్న మనుషులు వేరు అని అర్థమై, మొదటినుంచి మళ్లీ రాశారు. పుస్తకాల్లో వాళ్లు బాధితులు. ఎదురుగా చూస్తే నవ్వేవాళ్లు, బేరాలాడేవాళ్లు, పిల్లల్ని చదివించుకునేవాళ్లు, ఒకళ్లమీద ఒకళ్లు అలిగేవాళ్లు. రాయడానికి కూర్చునే ముందు రోజూ బైబిలులో ఒక అధ్యాయం చదవడం కూడా ఆమె అలవాటు. అమెరికా నవలా రచయిత్రి విల్లా కేథర్ అలా చేసేదని తెలిసి తానూ మొదలుపెట్టానని ఆమె చెప్పుకున్నారు.

ఇంకొకరు హ్వాంగ్ సోక్ యోంగ్. 1989లో ఉత్తర కొరియా వెళ్లివచ్చినందుకు కొన్నేళ్లు పరదేశంలో ఉండి, 1993లో తిరిగొచ్చి జైలుపాలై, 1998లో విడుదలైన మనిషి. 2001లో ఆయన రాసిన నవల పేరు ‘అతిథి’. కొరియా జనం మశూచిని పేరు పెట్టి పిలవడానికి భయపడి ‘అతిథి’ అనేవారు. మన ఊళ్లలో ‘అమ్మవారు పోసింది’ అన్నట్టే. ఆ నవలలో అతిథులు రెండు: బయటినుంచి వచ్చిన క్రైస్తవం, బయటినుంచి వచ్చిన మార్క్సిజం. 1950లో సించోన్ అనే చోట జరిగిన సామూహిక హత్యలు దాని కథావస్తువు. అమెరికా సైన్యం చేసిందని ఉత్తర కొరియా చెబుతూ వస్తున్న ఆ హత్యలను ఇరుగుపొరుగువాళ్లే, అందులోనూ బైబిలు చేతబట్టినవాళ్లే చేశారని ఆయన రాశారు. అమెరికాలో స్థిరపడిన ఒక కొరియా పాస్టరు తన ఊళ్లో చూసినదాన్ని చెప్పుకోగా విని ఆ కథ అల్లారు. దాని నిర్మాణం కోసం పాశ్చాత్య నవలల వైపు చూడలేదు. చనిపోయినవాళ్ల ఆత్మలను సాగనంపడానికి తన నాట చేసే పన్నెండు అంకాల జాతర తంతును తీసుకుని, నవలను పన్నెండు భాగాలుగా పేర్చారు. చచ్చినవాళ్లు వచ్చి, ఎవరి కథ వాళ్లు చెప్పుకుంటారు.

క్రైస్తవులుగా మనకు ఆ పుస్తకం మింగుడుపడదు. అయినా చదవాలి. ఎందుకో చెప్పడానికి మన ఇంటి పుస్తకం దగ్గరికి రావాలి.

‘అతిథి’ రావడానికి ఒక్క ఏడాది ముందు, 2000లో, తెలుగులో ‘అంటరాని వసంతం’ వచ్చింది. రాసినవారు ప్రకాశం జిల్లాకు చెందిన జి.కళ్యాణరావు గారు. విప్లవ రచయితల సంఘం నాయకుల్లో ఒకరు. 2004లో ఆంధ్ర ప్రభుత్వానికీ నక్సలైట్లకూ మధ్య చర్చలు జరిగినప్పుడు వరవరరావు, గద్దర్‌లతో పాటు దూతగా వ్యవహరించినవారు. 2005లో విరసాన్ని నిషేధించినప్పుడు అరెస్టయినవారు. ఈ వివరాలు చూసే చాలామంది సంఘపెద్దలు ఆ పుస్తకాన్ని ముట్టుకోలేదు. విచిత్రం ఏమిటంటే, తెలుగు క్రైస్తవుల చరిత్రను అంత దగ్గరగా, అంత లోతుగా చూసిన నవల మరొకటి మాకు కనబడలేదు. మనం సువార్త సభల్లో వంద సార్లు చెప్పుకున్న సంగతులే అందులో ఉన్నాయి. మనం చెప్పనివి కూడా ఉన్నాయి.

కథ రూతుతో మొదలవుతుంది. ముసలితనంలో ఉన్న రూతు, గతించిన భర్త రూబేను తనకు చెప్పిన సంగతులు తలుచుకుంటూ ఉంటుంది. అవన్నీ రూబేను కళ్లారా చూసినవి కావు. అతని తాత ఎల్లన్నవి, నాయనమ్మ సుభద్రవి, తండ్రి శివయ్యవి. ఎన్నెలదిన్ని అనే ఊళ్లో మాలపల్లె బతుకులు. ఎల్లన్న చిన్నప్పుడే ఊరొదిలి, నాగన్న అనే కళాకారుడి దగ్గర చేరి ఆట, పాట నేర్చుకుంటాడు. తరవాత పాట పట్టుకుని ఊరూరా తిరిగే మాలబైరాగి అవుతాడు. సుభద్ర ఎదురుచూస్తూ ఉంటుంది. కొడుకు శివయ్య, కోడలు శశిరేఖ కరువులో ఊరొదిలి బకింగ్‌హామ్ కాలువ తవ్వకానికి వెళితే, మాలవాళ్లని అక్కడా పనిలోకి రానివ్వరు. మార్టిన్ అనే సువార్తికుడు వాళ్లను చేరదీస్తాడు. శివయ్య సీమోను అవుతాడు.

ఈ కథను కళ్యాణరావు గారు ‘ఫలానా సంవత్సరంలో ఫలానా ఊళ్లో’ అని తానే ముందు నిలబడి చెప్పి ఉండవచ్చు. మామూలుగా చారిత్రక నవలాకారులు చేసేది అదే. ఆయన అలా చెయ్యకుండా ఒక ముసలామె జ్ఞాపకానికి ఆ బాధ్యత అప్పగించారు. అందువల్ల కథ వరసగా నడవదు. ముందుకు పోయి వెనక్కి వస్తుంది, చెప్పిందే చెబుతుంది, ఒక పేరు దగ్గర ఆగిపోయి మళ్లీ మళ్లీ ఆ పేరే పలుకుతుంది. కొంతమంది విమర్శకులకు ఇది లోపంగా తోచవచ్చు. మా మటుకు మాకు మన ముసలమ్మలు కథ చెప్పే తీరు అదేననిపించింది. ఆవు ఈనిన సంగతి చెబుతూ మొదలుపెట్టి, ఆ ఏడాది వచ్చిన కలరాకు, ఆ కలరాలో పోయిన చెల్లెలికి, ఆ చెల్లెలు పాడే దంపుళ్ల పాటకు వెళ్లి, చివరికి ఆవు దగ్గరికి వచ్చినా రాకపోయినా ఫరవాలేదన్నట్టు చెబుతారు. కాయితం లేని చోట జ్ఞాపకమే దస్తావేజు. ఆ దస్తావేజు ఎలా మాట్లాడుతుందో నవల కూడా అలాగే మాట్లాడాలని రచయిత నిర్ణయించుకున్నట్టుంది.

హ్వాంగ్ తన నాటు జాతరను తీసుకున్నట్టే కళ్యాణరావు గారు వీధి భాగోతాన్ని, డప్పు చప్పుడును, పొలం గట్టు పాటను తీసుకున్నారు. అంతేకాదు, అవన్నీ తెలుగు సాహిత్య చరిత్రలో ఎందుకు చోటు చేసుకోలేదని నిలదీస్తారు. ఎల్లన్న పాటలు ఎవరూ రాసిపెట్టలేదు. రాసే చేతులకు ఎల్లన్న అంటరానివాడు. ఒకరి గురించి ఒకరు వినకుండానే, ఒక ఏడాది తేడాలో ఇద్దరు రచయితలు రెండు దేశాల్లో ఒకే తలుపు తట్టడం మాకు ఆశ్చర్యంగా ఉంది. మరీ ఆలోచిస్తే ఆశ్చర్యం అక్కర్లేదేమో. ఇద్దరికీ ప్రభుత్వ దస్త్రాల మీద నమ్మకం లేదు. ఇద్దరూ ప్రజల మాట మీదే ఆధారపడ్డారు.

మన కథలను తెలుగు నవల అంతకుముందు ముట్టుకోలేదా అంటే, ముట్టుకుంది. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు 1922లో రాయవేలూరు జైల్లో కూర్చుని ‘మాలపల్లి’ రాశారు. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఆ త్యాగానికి మా నమస్కారం. అది ప్రేమతో చూసిన చూపే అయినా బయటి గుమ్మంలోంచి చూసిన చూపు. లోపల పొయ్యి దగ్గర కూర్చున్న మనిషి చెబితే ఎలా ఉంటుందో తెలియడానికి దాదాపు ఎనభై ఏళ్లు పట్టింది.

ఇక కాలువ సంగతి. బకింగ్‌హామ్ కాలువ మాకు పుస్తకంలో పేరు కాదు. మా ఊరికి తూర్పున పులికాటు సరస్సు, దాన్ని పట్టుకుని ఎన్నూరు మీదుగా చెన్నై దాకా ఆ కాలువ. ఒకప్పుడు ఆంధ్ర తీరం నుంచి కట్టెలు, ఉప్పు, ధాన్యం పడవలమీద మద్రాసు చేరింది దానిమీదే. ఇవాళ చాలా చోట్ల పూడిపోయి, చెన్నై నగరంలో మురుగుకాలువై, పడవకు పనికిరాకుండా ఉంది. అయితే ఒక విషయం తేటగా చెప్పుకోవాలి. మా వైపు భాగం కరువు పనిలో తవ్వింది కాదు. 1806లో బేసిల్ కోక్రేన్ అనే బ్రిటిష్ వ్యాపారి మద్రాసు నుంచి ఎన్నూరుకు ఉప్పునీటి కాలువ తవ్వించడంతో మొదలై, తరవాత పులికాటు వైపు సాగింది. ఒంగోలు సీమ భాగం 1876–78 కరువులో తవ్వింది. నవలలో శివయ్య వెళ్లింది అక్కడికి. కోక్రేన్ పేరు చరిత్రలో ఉంది, కాలువకు పేరిచ్చిన మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూకు పేరూ ఉంది. ఇటు గాని అటు గాని మట్టి మోసిన ఒక్కరి పేరు చెప్పమంటే ఎవరూ చెప్పలేరు.

ఆ కరువులో దక్షిణ దేశంలో యాభై లక్షలమందికి పైగా చనిపోయారని అంచనా. ప్రభుత్వ కరువు పనుల్లో మగవాడి రోజు కూలి ఒక పౌను ధాన్యం, ఒక అణా అని కలకత్తానుంచి వచ్చిన రిచర్డ్ టెంపుల్ దొర ఖరారు చేశాడు. ఆడవాళ్లకు, పిల్లలకు ఇంకా తక్కువ. ఆ కూలి కూడా మాల మాదిగలకు సరిగా అందలేదు. పని చేయించే మేస్త్రీలు, అజమాయిషీ చేసేవాళ్లు పై కులాలవాళ్లు. అందుకే ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొర కాలువలో కొన్ని మైళ్ల తవ్వకాన్ని తానే కాంట్రాక్టు తీసుకుని, తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టి, మాదిగలకు, మాలలకు పని ఇచ్చాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకుండా కరువు సాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఈ అంకె తెలియని తెలుగు బాప్టిస్టు ఉండడు. మేము వేదాంత కళాశాలలో చదివేటప్పుడు పరీక్షకు బట్టీ పట్టిన అంకె ఇది. ఆ రోజు నీళ్లలో దిగి బాప్తిస్మం ఇచ్చింది క్లౌ దొర కాదు, ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున. ఆ ఆరుగురి పేర్లు అడిగితే మన సంఘాల్లో ఎంతమంది చెప్పగలరు? 2,222 మందిలో ఒక్కరు ఆ ముందు రాత్రి ఏమనుకున్నారో, పాత పేరు వదులుకుంటూ ఏడ్చారో నవ్వారో, ఇంట్లో పోలేరమ్మ గూడును ఏంచేశారో మిషను రిపోర్టులో దొరకదు. రిపోర్టు అమెరికాలో చందాలిచ్చే సంఘాల కోసం రాసింది. దానికి అంకె కావాలి. నవలకు ఆ ముందు రాత్రి కావాలి.

అయితే మిషనరీల రాతలన్నీ అంకెలే అనడం అన్యాయం. క్లౌ దొర రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ, ఒంగోలు మాదిగ పెద్దల దగ్గర కూర్చుని వాళ్లు చెప్పిన కథలు విని 1899లో ఇంగ్లీషులో ఒక పుస్తకం వేసింది. ‘చెప్పులు కుడుతూ’ అని దాని పేరుకు అర్థం. మాతమ్మ గురించి, యోగి గురువుల గురించి, తోలు వ్యాపారం చేస్తూ సువార్త విని ఊరూరా దాన్ని మోసిన ఎర్రగుంట్ల పేరయ్య గురించి అందులో ఉంది. ఈ ఎమ్మా మరెవరో కాదు, సామాజిక సువార్త అని ప్రపంచమంతా చెప్పుకునే వేదాంతి వాల్టర్ రౌషెన్‌బుష్ సొంత అక్క. మన వేదాంత కళాశాలల్లో తమ్ముడి పుస్తకం పాఠం, అక్క పుస్తకం పేరు కూడా వినబడదు. మాదిగ పెద్దలు చెప్పింది ఇంగ్లీషులోకి వెళ్లి అక్కడే ఉండిపోయింది, మనకు తిరిగి రాలేదు.

‘అంటరాని వసంతం’లో మనకు నచ్చనివి ఉన్నాయి. మిషనరీల మీద రచయిత చూపు మెచ్చుకోలు, అనుమానం కలగలిసి ఉంటుంది. సువార్త కులాన్ని పూర్తిగా కడిగెయ్యలేదని, పై కులాలనుంచి వచ్చినవాళ్లు సంఘంలోనూ పై మెట్టే ఎక్కి కూర్చున్నారని ఆయన రాస్తే మనం నొచ్చుకోవడంలో అర్థం లేదు. శ్మశానాలు వేరు, బల్లలు వేరు అయిన చోట్లు ఇంకా ఉన్నాయి. తమిళనాట ఆ సంగతి బామ గారు 1992లో ‘కరుక్కు’లో తన కాన్వెంటు అనుభవంతో చెప్పేశారు కూడా. కాని కథలో చివరి తరాలు తుపాకీ దారి పట్టడం, అదే వసంతానికి దారి అని నవల నమ్మడం మాకు ఒప్పుదల కాదు. సిలువ ఎత్తుకున్నవాళ్లం ఆ మాట ఒప్పుకోలేం. అక్కడ నవలాకారుడి కంటే రాజకీయ కార్యకర్త ముందుకు వచ్చాడని కూడా మా అభిప్రాయం. ఎల్లన్న, సుభద్రలు మనుషులుగా గుండెల్లో కూర్చున్నంతగా చివరి తరం కూర్చోదు. దూరపు కాలాన్ని రాసినప్పుడు ఆయన జ్ఞాపకాన్ని నమ్మారు, దగ్గరి కాలానికి వచ్చేసరికి సిద్ధాంతాన్ని నమ్మారు. ఈ తేడా ఉన్నా, మొదటి మూడు తరాల కథ మనది. దాన్ని మనం వదులుకుంటే నష్టం మనకే.

మరి ఇలాంటి నవల ఇంకొకటి మన సంఘాలనుంచి ఎందుకు రాలేదు? చదువుకున్నవాళ్లు లేక కాదు. మూడు నాలుగు తరాలనుంచి ఉపాధ్యాయులు, నర్సులు, పాస్టర్లు ఉన్న కుటుంబాలు మనవి. కారణం మరొకటి ఉంది, దాన్ని పైకి చెప్పడానికే మనకు భయం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డు కులస్థుడు కాడు. ఆ ఉత్తర్వులో 1956లో సిక్కులను చేర్చారు, 1990లో బౌద్ధులను చేర్చారు, మనల్ని ముస్లిములను బయటే ఉంచారు. ఆంధ్రలో మనవాళ్లు బి.సి.–సి, తమిళనాట బి.సి. ఈ సంగతి పరిశీలించమని కేంద్రం 2022లో మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి.బాలకృష్ణన్ గారి అధ్యక్షతన కమిషన్ వేసింది. వెలివాడ పోలేదు, హక్కు మాత్రం పోయింది.

దీనివల్ల జరిగిన ఒక నష్టాన్ని గురించి ఎవరూ మాట్లాడరు. మనుషులకు రెండు పేర్లు వచ్చాయి. సంఘం రిజిస్టరులో ఒకటి, బడి సర్టిఫికెట్లో ఒకటి. సంఘంలో సీమోను, బడిలో శివయ్య. పిల్లవాడి చదువు, ఉద్యోగం ఆ రెండో పేరు మీద ఆధారపడి ఉన్నప్పుడు, తాత ఎప్పుడు, ఎవరి చేత, ఏ చెరువులో బాప్తిస్మం పొందాడన్నది ఇంటి గుట్టు అవుతుంది. గుట్టును కథగా చెప్పరు. మేము పరిచర్యలో భాగంగా ఇళ్లకు వెళ్లి పెద్దవాళ్లను పాత సంగతులు అడిగితే, చెబుతూ చెబుతూ కొడుకు గదిలోకి రాగానే ఆపేసినవాళ్లున్నారు. నోటుబుక్కు తీస్తే నోరు మూసుకుంటారు. మిన్ జిన్ లీకి టోక్యోలో ఎదురైంది కూడా ఇలాంటిదే అయి ఉండాలి. జపాను పేరు పెట్టుకుని, కొరియావాళ్లమన్నది పక్కింటివాళ్లకు కూడా తెలియనివ్వకుండా బతికే మనుషుల కథ ఆమెది. ‘పచింకో’ చదువుతుంటే నోవా అనే కుర్రవాడి దగ్గర మేము ఆగిపోయాం. తన పుట్టుకను దాచుకోవడానికి ఊరు, పేరు, తల్లి అందరినీ వదులుకున్న బిడ్డ అతను. మన ఊళ్లలో అలాంటివాళ్లు లేరా?

మా గుమ్మిడిపూండిలో ఇంకో చిక్కు ఉంది. 1960లో సరిహద్దులు మార్చినప్పుడు తిరుత్తణి ఇటు వచ్చింది, సత్యవేడు అటు వెళ్లింది. మేము ఇటే ఉన్నాం. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, ఫ్యాక్టరీలో హిందీ. 2006 చట్టం తరవాత మన పిల్లలకు బడిలో తమిళమే మొదటి భాష. తెలుగు బైబిలు చేత్తో పట్టుకుంటారు, చదవడం రాదు. పాటలు తమిళ అక్షరాల్లో రాసుకుని తెలుగులో పాడతారు. నాయనమ్మ చెప్పే కథ చెవికి తెలుస్తుంది, రాసి ఇస్తే తెలియదు. పులికాటు చుట్టుపక్కల తెలుగు మాటను, ఆ దీవుల బతుకును స.వెం.రమేశ్ గారు ‘ప్రళయకావేరి కథలు’గా రాసిపెట్టకపోతే మా వైపు పలుకుబడి ఇలా ఉండేదని రేపటివాళ్లకు ఆనవాలు కూడా దొరకదు. అందులో వినబడే పలుకు మా ఇళ్లలోదే. సంఘాల కథ మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు.

అందుకని ఈ రాత చదివే పాస్టర్లను, సంఘపెద్దలను ఒకటి అడుగుతున్నాం. నవలలు రాయమని కాదు, అది అందరికీ అబ్బే పని కాదు. లూకా సువార్త మొదటి నాలుగు వచనాలు ఒకసారి తీసి చూడండి. లూకా తాను కళ్లారా చూసినవాడు కాడు. చూసినవాళ్లను అడిగి, వరసగా రాసినవాడు. మనం కనీసం ఆ అడిగే పని చెయ్యగలం. సంఘంలో ఎనభై దాటినవాళ్లు ఎంతమంది ఉన్నారో లెక్క వేసుకోండి. వాళ్ల దగ్గరికి యవ్వనస్థులను పంపండి, ప్రార్థన చెయ్యడానికి మాత్రమే కాక వినడానికి. ఫోనులో రికార్డు చెయ్యడం వాళ్లకు మనకంటే బాగా వచ్చు. తెలుగు రాయలేకపోయినా తెలుగు వినగలరు. పెద్దవాళ్లు వద్దన్న చోట రికార్డు ఆపెయ్యాలి, పేరు చెప్పవద్దంటే చెప్పకూడదు. కొడుకు ఉద్యోగానికి ముప్పు తెచ్చే చరిత్ర మనకు వద్దు.

అడగవలసినవి పెద్ద ప్రశ్నలు కావు. బాప్తిస్మానికి ముందు మీ తాత పేరేమిటి. ఏ ఊరినుంచి, ఏ పని కోసం ఇటు వచ్చారు, నడిచి వచ్చారా, పడవలో వచ్చారా. మొదటి ప్రార్థన ఎవరి పశువుల కొట్టంలో జరిగింది. ఊరి బావిలో నీళ్లు ఎప్పటినుంచి తోడనిచ్చారు. పాత పాటలు ఏవి మానేశారు, ఎవరు మానమన్నారు. ఈ చివరి ప్రశ్న మాత్రం తప్పకుండా అడగండి. సంఘంలోకి వచ్చిన కొత్తలో డప్పు అపవిత్రమని, భాగోతం సాతాను ఆట అని మాన్పించింది కొన్ని చోట్ల మనవాళ్లే. ఎల్లన్న పాటలు పోవడంలో ఊరి కులాల చెయ్యి ఎంత ఉందో మన చెయ్యి ఎంత ఉందో కూడా తెలియాలి కదా.

పాత బాప్తిస్మపు రిజిస్టర్లు ఉన్న సంఘాలు వాటిని బీరువాలో చెదలకు వదిలెయ్యకుండా ఒక్కో పుట ఫోటో తీసి పెట్టుకోండి. కొన్నింటిలో పాత పేరు, కొత్త పేరు పక్కపక్కనే ఉంటాయి. మేము చూసిన ఒక రిజిస్టరులో వరసగా పదకొండు మంది ఆడవాళ్లకు కొత్త పేర్లు ఉన్నాయి. మార్త, మరియ, రాహేలు, ఎస్తేరు. పాత పేర్ల గడి పదకొండు చోట్లా ఖాళీ. వాళ్ల ఇంటి మగవాళ్లకు మాత్రం రెండు గడులూ నింపారు. ఆ పదకొండుమంది మనవరాళ్లలో కొందరు ఇంకా ఈ చుట్టుపక్కలే ఉండాలి.